మూడో కుంపటి

మా అత్త బట్టలు ఇస్త్రీ చేసేది. వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. పోయిన చలికాలంలో కన్నుమూసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆమె పెద్దకొడుకు, మా బావగారి భుజం తట్టి, "అందరికీ పెట్టి ఆఖరున తాను తినేది. అలాంటి తల్లి ఎవరికి దొరుకుతుంది" అన్నారు. ఆయన తల ఊపుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఆఖరున తినేది అన్నారే గానీ, ఆఖరున గిన్నెలో ఏం మిగిలేదో ఒక్కరూ అడగలేదు. నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఇనుముది. మా చేతులతో అయితే ఎత్తడానికే ప్రాణం పోయేది, ఆమె గిన్నె మూత తీసినంత తేలికగా ఎత్తేది. వసారాలో బల్ల, బల్ల మీద నాలుగు మడతల పాత దుప్పటి, పక్కన నీళ్ళ గిన్నె. పని చేస్తూ ఇళ్ళ సంగతులన్నీ బట్టల్లోనే చదివేది. "ఈ ఇంటాయన ఒళ్ళు చేశాడే, బొత్తాం దగ్గర గుడ్డ ఏడుస్తోంది" అనేది. ఇంకోసారి ఒకే ఇంటి నుంచి రెండు మూటలు వచ్చాయి. ఆయన చొక్కాలు ఒక మూటలో, ఆవిడ బట్టలు ఒక మూటలో. రెండూ విప్పకుండా కాసేపు చూసి, "వీళ్ళ ఇంట్లో మాటల్లేవు. ఇంకో నెలకి కుంపటి కూడా వేరు పెడతారు చూడు" అంది. చెప్పినట్టే అయింది. దానికి మాత్రం ఆమె నవ్వలేదు.

వేరు కుంపటి అన్న మాట ఆమె దగ్గర ఎవరూ అనకూడదు. మొగుడు చిన్న వయసులోనే పోతే, మరుదులు ఇంటి మధ్యలో గోడ లేపి, ఆమె చేతికి ఒక మట్టి కుంపటి ఇచ్చి, ఇక నీది వేరు అన్నారట. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళ వంట వాసన గోడ దాటి వచ్చేదట, వంట మాత్రం దాటేది కాదట. ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, అదీ బట్ట మీద నీళ్ళు చిలకరిస్తూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత అప్పో సప్పో చేసి ఇస్త్రీపెట్టె కొనుక్కుని కొడుకులిద్దరినీ పెంచింది. ఇద్దరూ పెళ్ళాలొచ్చినా ఒక్క పొయ్యి మీదే తినాలని పట్టుబట్టింది. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు వంట వచ్చా అని అడగలేదు. "మీ ఇంట్లో పళ్ళేలు ఎన్ని?" అని అడిగింది. అయిదు అన్నాను. "మా ఇంట్లో గిన్నె పెద్దది. మూతి ముడుచుకునే అలవాటుంటే ఇప్పుడే చెప్పు" అంది.

మా ఇల్లంటే రెండు గదులూ ఒక వసారా. ముందు గది బావగారిది, నా తోటికోడలిది, వాళ్ళకు ఒక్కతే కూతురు చిట్టి. తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. వెనక గది మాది. మా ఆయన గోడలకు రంగులు వేస్తాడు. మాకు ముగ్గురు పిల్లలు. అత్త పడక వసారాలో, ఇస్త్రీ బల్ల కింద. పొయ్యి రెండు గదులకూ మధ్యన, ఇరుకు సందులో. పొయ్యి ఒక్కటే, మనుషులం తొమ్మిది మందిమి.

ఊళ్ళన్నీ మూయించిన ఆ రోగం వచ్చిన ఏడాది అందరి తిండీ ఒక్కలాగే తగ్గిందని ఇప్పుడు చెప్పుకుంటారు. అబద్ధం. ముందుగా ఆగింది ఇస్త్రీ. ఒకరు ముట్టుకున్న బట్ట ఇంకొకరు ముట్టుకోకూడదన్నారు. అయినా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మడతలతో పనేముంది? తర్వాత రంగుల పని ఆగింది. బయటి మనిషిని గడప తొక్కనిచ్చేవాళ్ళు లేరు. బావగారు మాత్రం మందుల గోడౌన్లో కాపలా. ఆయన జీతం ఒక్క పూట ఆగలేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు రెండు జాతులైపోయారు. ఒకడు సంపాదించేవాడు, ఇంకోడు ముగ్గురు పిల్లలున్నవాడు.

మొదట్లో ఆయన తెచ్చిందే అందరం తిన్నాం. కానీ అక్క గరిటెకు నోరొచ్చింది. మా పిల్లల పళ్ళేల దగ్గరకు వచ్చేసరికి గిన్నె అంచుకు టంగుమని కొట్టేది. "ఏమిటో, దించకముందే అయిపోతోంది" అనేది గిన్నెతో. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత మేమిద్దరం. అత్త గిన్నెలో నీళ్ళు పోసి గీకి, ఆ నీళ్ళు తాగి, "నాకు ఈ వయసులో అరగదులే" అనేది.

అప్పుడు వచ్చాడు సంచుల సారు. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, పిండి ఒక సంచిలో పెట్టి ఇంటింటికీ పంచుతున్నారు. ఇల్లంటే ఏమిటని లెక్క కట్టారంటే, పొయ్యి. ఒక పొయ్యికి ఒక సంచి. ఆ పొయ్యి మీద ఒక్కరు తిన్నా అంతే, పదిమంది తిన్నా అంతే. ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడి ఇంట్లో వంట ఎవరు చేస్తారో వాడికి తెలిసి ఉండదు.

మా ఎదురు మేడవాళ్ళు నలుగురే. కింద ఒక పొయ్యి, పైన ఒకటి, పెరట్లో నీళ్ళు కాచుకునేది ఒకటి. వాళ్ళకు మూడు సంచులు. వీధి చివర మా ఆయనతో పనికి వచ్చేవాళ్ళు ఏడుగురు ఒక్క గదిలో ఉండేవాళ్ళు. ఎప్పుడూ హోటల్లో తినేవాళ్ళు. హోటళ్ళు మూశారు. వాళ్ళకు పొయ్యి లేదు గనక సంచి లేదు. మా ఆయన వెళ్ళి అడిగితే, "పొయ్యి లేకపోతే అది ఇల్లెలా అవుతుందయ్యా, పడక అవుతుంది గానీ" అన్నాడట సంచుల సారు. తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళు నడుచుకుంటూ తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేడవాళ్ళు పప్పుకు పురుగు పట్టిందని డాబా మీద దుప్పటి పరిచి ఎండబెట్టుకున్నారు. మా వసారాలోంచి ఆ దుప్పటి అంచు కనపడేది. అది చూసినప్పుడల్లా నోట్లో చేదు ఊరేది.

మా గుమ్మం ముందుకొచ్చి సంచుల సారు అడిగాడు. "ఎన్ని పొయ్యిలమ్మా?"

అత్త వసారా దిగి నిలబడి, "ఒక్కటే. పెళ్ళయిన కొడుకులిద్దరున్నా మాది ఒక్కటే పొయ్యి సారూ" అంది. మెడల్ వేయించుకోవడానికి నిలబడ్డట్టు నిలబడింది. ఆమె జీవితంలో చెప్పుకోవడానికి ఉన్న గొప్ప అదొక్కటే. ఆ గొప్పకు ఒక సంచి ఇచ్చారు.

సంచి ఇస్తున్నట్టు ఫోటో తీయాలన్నారు. "నవ్వండమ్మా" అన్నాడు ఫోటో తీసే ఆయన.

"మూతికి గుడ్డ కట్టమన్నది మీరే కదా. నవ్వితే ఎక్కడ కనపడుతుంది?" అంది అత్త.

"కళ్ళతో నవ్వండి."

ఆమె కళ్ళతో నవ్విందో లేదో నాకు తెలియదు. వెళ్ళబోతూ సంచుల సారు బావగారితో గొంతు తగ్గించి అన్నాడు. "వెనక గది ఉంది కదా, అక్కడ ఇంకోటి పెట్టించండి. వచ్చేసారికి రెండు రాస్తాను. అందరూ అలాగే చేస్తున్నారు."

అబద్ధం ఎలా చెప్పాలో కూడా పంచేవాడే నేర్పి పోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో రగడ. అక్క మొదలుపెట్టింది. "రెండని చెబితే మీ సొమ్మేం పోయింది అత్తయ్యా? నోటి మాటే కదా."

"నోటి మాటగానే మొదలవుతుందమ్మా ఏదైనా" అంది అత్త.

"ఉత్తుత్తి పొయ్యేనమ్మా. వాళ్ళు చూసి పోగానే తీసేస్తాం" అన్నారు బావగారు.

అత్త మా ఆయన వైపు చూసింది. అతను తలెత్తలేదు. ముగ్గురు పిల్లలున్నవాడు ఏమంటాడు? చివరికి ఆమె, "సరే. కానీ దాని మీద గిన్నె ఎక్కడానికి వీల్లేదు" అంది. బావగారే ఇటుకలు మోసుకొచ్చి మా గదిలో మూల పెట్టారు. అంత హుషారుగా ఆయన పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.

సంచుల సారు మళ్ళీ వచ్చి, మా గదిలోకి తొంగి చూసి పెదవి విరిచాడు. "మసి లేదే. పైవాళ్ళు వస్తే నా పీక మీదకు వస్తుంది. నాలుగు రోజులు కాల్చండి, మసి పట్టనివ్వండి."

దాంతో దొంగ పొయ్యికి నిజం మసి పట్టించడానికి కట్టెలు తగలేశాం. ఊరికే మంటెందుకు దండగని అక్కే అంది, "ఎలాగూ మండుతోంది కదా చెల్లీ, మీ పిల్లలకు నీళ్ళు అక్కడే కాచుకో" అని. రెండో సంచి వచ్చింది. వచ్చిన రోజున అది మా గదిలోనే పెట్టింది అక్క. "ఎవరి పొయ్యి సంచి వాళ్ళ దగ్గర ఉండడమే పద్ధతి" అంది. మర్నాడు పొద్దున మధ్య సందులో ఆమె వండిన గిన్నె చూశాను. చిన్న గిన్నె. అందులో ముగ్గురికి మించి పట్టదు. పెద్ద గిన్నె కడిగి మా గుమ్మం ముందు బోర్లించి ఉంది.

ఎవరూ వేరు పడదామని అనలేదు. ఎవరూ దెబ్బలాడుకోలేదు. ఒక గిన్నె మారింది, అంతే. బావగారి జీతం చిన్న గిన్నెలోకి పోయింది. మా పెద్ద గిన్నెలో అయిదుగురికి ఒక సంచి. అడుగున గింజలు పరిచినట్టు ఉండేది, గిన్నె అంత పెద్దది. వాళ్ళ వైపు నుంచి తాలింపు చప్పుడు వస్తే మా చిన్నది ముక్కు ఎగబీల్చేది. నేను లేచి తలుపు వేసేదాన్ని.

అత్త ఎక్కడ తింటుందన్న మాట ఎవరూ ఎత్తలేదు. నేను పిలిస్తే, "ఇప్పుడే పెద్దకోడలు పెట్టింది, కడుపు బరువుగా ఉంది" అనేది. బల్ల మీద ఏవో పాత గుడ్డలు పరిచి ఇస్త్రీ చేస్తూ ఉండేది. నిప్పులు కూడా ఉండేవి కావు, చల్లటి పెట్టె. చేతులు ఊరుకోలేవులే అనుకున్నాను.

ఒక పొద్దున కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నేనూ అక్కా నిలబడ్డాం. అక్క దెప్పుతున్నట్టే అంది. "ఏం పెడుతున్నావో గానీ చెల్లీ, అత్తయ్య నీ చేతి వంట తెగ మెచ్చుకుంటోంది. మా వంట నోటికి రుచించడం లేదు కాబోలు."

"మా వంటా? ఆవిడ మీ దగ్గర కదా తింటోంది."

"మా దగ్గరా? నేను పిలిచినప్పుడల్లా చిన్నకోడలు పెట్టిందే అంటుంది."

బిందె నిండి పొర్లిపోతోంది. ఇద్దరిలో ఒక్కరమూ కొళాయి కట్టలేదు. మా వెనక నిలబడ్డ పాలమ్మాయి, "నీళ్ళు పోతున్నాయి" అంది. నేను అక్క ముఖం చూశాను. భయపడిందనుకున్నాను. కానీ ఆమె మొదటి మాట, "చూశావా, ముసలామె మనిద్దరి పరువూ ఎలా తీస్తోందో" అని.

అప్పుడు నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

ఇంటికొచ్చి బావగారితో చెబితే ఆయన దానికో పరిష్కారం కనిపెట్టారు. వసారాలో, అమ్మ ఎదుటే. "దీంట్లో ఏముంది? పొద్దుటి పూట మా దగ్గర, సాయంత్రం పూట తమ్ముడి దగ్గర. వంతులు వేసుకుంటే గొడవే లేదు."

"మా పూట పొద్దున్నా, సాయంత్రమా ముందే చెప్పండి. నేను దాన్ని బట్టి బియ్యం పోసుకోవాలి" అంది అక్క.

"నెలకు ఒకరైతే లెక్క సులువు కదా" అన్నారు మళ్ళీ బావగారు.

మా ఆయన గోడ గీకుతూ నిలబడ్డాడు, ఎవరో రంగు వేయమన్నట్టు. నేను, "అత్తయ్యా, మా దగ్గరే తినండి, వంతులేమీ వద్దు" అన్నాను. అక్క నవ్వి, "మీ గిన్నెలో ఏముందని చెల్లీ" అంది. ఆ మాట నిజం. అందుకే ఇంకా రోత పుట్టింది.

అత్త ఇవన్నీ వింటూ కూర్చుంది. మోకాళ్ళు చేతులతో చుట్టుకుని కూర్చుంటే ఆమె ఎంత చిన్నదైపోయిందో అప్పుడు చూశాను. మణికట్టు దగ్గర ఎముక గోలీలా తేలింది. ఆ చేత్తోనే ఇనప పెట్టె ఎత్తేది.

"అయిందా పంపకం?" అంది. "గోడ కూడా లేపుతారా, వద్దా?"

ఆమె బొగ్గుల గోనె దులిపి, అడుగున మిగిలినవి ఏరుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత సంచుల సారు వచ్చిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. బావగారు ఎదురెళ్ళి, "రెండు సార్, ఎప్పటిలాగే" అన్నారు.

వసారాలోంచి అత్త అంది. "మూడు."

సంచుల సారు ఆగాడు. "మూడోది ఎవరిదమ్మా?"

"నాది."

"ఏంటమ్మా నువ్వు" అన్నారు బావగారు నవ్వబోతూ. "సార్, పెద్దావిడ, తికమక పడుతోంది."

"తికమకేం లేదు. ఒకటి పెద్దవాడిది, ఒకటి చిన్నవాడిది. నాది వేరు." చెంగు నడుముకు బిగించి, మళ్ళీ అంది. "నాది వేరు కుంపటి."

"చూపించాలమ్మా మరి" అన్నాడు సంచుల సారు. "మసి అవీ ఉండాలి."

అత్త పక్కకు జరిగింది. బల్ల మీద ఇస్త్రీపెట్టె మూత తెరిచి ఉంది. లోపల బొగ్గులు ఎర్రగా రాజుకుని ఉన్నాయి. పైన ఒక చిన్న గిన్నె, గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అందులో గింజ లేదు.

"ఇది ఇస్త్రీపెట్టె కదమ్మా."

"నిప్పుంది, గిన్నెక్కింది. ఇంకేం కావాలి? మసి కావాలంటే వేలు పెట్టి చూసుకోండి సారూ, మీ వయసుకు మించిన మసి ఉంది."

సంచులు మోస్తున్నవాళ్ళలో ఒకడు నవ్వేశాడు. సంచుల సారు ఒకసారి మరుగుతున్న నీళ్ళ వైపు, ఒకసారి బావగారి వైపు చూసి, మూడని రాసుకున్నాడు. ఫోటో తీసే ఆయన ముందుకు వస్తే అత్త చేత్తో ఆపింది. "వద్దు నాయనా. ఇవాళ కళ్ళతో కూడా రాదు."

తొమ్మిది మందికి ఒక సంచి ఇచ్చిన చేతులే ఒంటి మనిషికి అంతే సంచి ఇచ్చి వెళ్ళాయి. వాళ్ళ లెక్క ప్రకారం అది సరిగ్గానే ఉంది.

ఆమె సంచి విప్పి, బియ్యం కడిగి, ఇస్త్రీపెట్టె మీదే ఎసట్లో పోసింది. ఆ చిన్న నిప్పు మీద ఉడకడానికి చాలాసేపు పట్టింది. మా పిల్లలు ముగ్గురూ, చిట్టీ వచ్చి వసారా అంచున నిలబడ్డారు. ఆమె వాళ్ళను పిలుస్తుందని అందరం అనుకున్నాం. ఎందుకంటే ఎప్పుడూ పిలిచేది. పిలవలేదు. పళ్ళెంలో పెట్టుకుని, గోడకు వీపు ఆనించి, మా అందరి ముందూ, ఎవరికంటే ముందు, తినడం మొదలుపెట్టింది.

"పసిపిల్లలు చూస్తుంటే గొంతు దిగుతోందా అమ్మా నీకు?" అన్నారు బావగారు.

"దిగుతోంది నాయనా. నేను చూస్తుంటే మీకు దిగలేదూ?"

అక్క ఒక గిన్నె పట్టుకొచ్చింది. ఆ సమయంలో కూడా రావడానికి ఆమెకు కాళ్ళొచ్చాయి. "అత్తయ్యా, మూడు సంచులకు మూడు నూనె సీసాలు కదా. మీరొక్కరు ఏం చేసుకుంటారు, కొంచెం..."

"మీ కుంపటి వేరు కదమ్మా" అంది అత్త, మెతుకు నములుతూనే.

నాలుగైదు ముద్దలు తిన్నాక ఆమె ఆగిపోయింది. ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చెమట. అన్నం అలవాటు తప్పిన కడుపు తీసుకోవడం లేదు. మా చిన్నది ఒక అడుగు ముందుకు వేస్తే, నేను దాని జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. ఆ పిల్లకు ఆకలిగా ఉందని నాకు తెలుసు. ఆ సంచిలోది తర్వాత ఎక్కువగా నా పిల్లల కడుపుల్లోకే పోయింది, అది వేరే సంగతి. ఆ పూట మాత్రం ఆమె తినాలి. ఇంకేమీ వద్దు, ఆమె తినాలి.

కళ్ళు తెరిచి మళ్ళీ కలిపింది. ఒక ముద్ద, కాసేపు ఊపిరి, ఇంకో ముద్ద. ఎవడి మీదో పంతం పట్టినట్టు తింది. బావగారు లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసుకున్నారు. అక్క ఖాళీ గిన్నెతో అలాగే నిలబడింది. పళ్ళెం అడుగు కనపడింది. ఆమెకు ఇన్నేళ్ళలో ఎవరూ వడ్డించలేదు గనక, ఎవరివైపూ చూడకుండా గిన్నె దగ్గరకు లాక్కుని, "ఇంకొంచెం పెట్టుకుంటాను" అని తనతో తానే అనుకుని, గరిటె నిండా పెట్టుకుంది.